కత్తి పిడికి కాటుక

ఒకానొక రాజ్యంలో ఓ రాజుగారు ఉండేవాడు. రాజ్యం పేరు మందారగిరి, రాజు పేరు ఉద్దండవర్మ. ఇంత పొట్టిగా చెప్తే ఆయనకి కోపం. పూర్తిగా చెప్పాలి. ప్రచండ భుజబల పరాక్రమ, వైరిగజ మృగేంద్ర, సప్తసముద్ర విహార... ఇట్టా మొత్తం పద్దెనిమిది బిరుదులు. ఆయన జన్మలో సముద్రం చూసింది లేదు. మృగేంద్రుడి సంగతి అడక్కండి, పిల్లి ఎదురైతే పక్కకి తప్పుకుంటాడని రాణివాసంలో చెప్పుకునేవాళ్ళు. అయినా సరే, బిరుదులు రోజూ చదవాల్సిందే.

రాజుగారు దర్బారు గుమ్మంలో అడుగు పెట్టగానే భట్టు ఊపిరి బిగబట్టి మొదలుపెట్టేవాడు. వాడు పద్దెనిమిదో బిరుదుకి వచ్చేలోపు రాజుగారు నడిచొచ్చి, సింహాసనం ఎక్కి, తాంబూలం వేసుకుని, అది నమలడం కూడా అయిపోయేది. బిల్డప్ అంటే అదీ.

ఆ కొలువులో ఇంకో ఆచారం ఉంది. రాజుగారి ముత్తాత కత్తి ఒకటుంది. దాని పిడి నల్లటి దున్నకొమ్ముతో చేశారు. పొద్దున దర్బారు మొదలవగానే ముందు రాజుగారు కుడిచేత్తో ఆ పిడి ముట్టుకుని, చెయ్యి రెండు కళ్ళకీ అద్దుకోవాలి. తర్వాత మహామంత్రి. తర్వాత సేనాపతి. అట్టా వరసగా కొలువులో ఉన్నవాళ్ళందరూ. రాజుగారితో కలిపి అరవైనాలుగు మంది. ఎవరైనా అద్దుకోకపోతే రాజద్రోహం కిందే లెక్క.

ఆ కత్తిని పట్టుదిండు మీద పెట్టి అందరి ముందుకీ తిప్పేవాడే మన సుంకన్న. పొద్దున్నే వచ్చి కత్తి తుడవడం, నూనె రాయడం, దర్బారులో తిప్పడం, మళ్ళీ తీసుకెళ్ళి దాచడం. పని చిన్నదే, నోరు మాత్రం చాలా పెద్దది. ఏ మాటకి ఏం అంటాడో ఎవరికీ తెలీదు. వాడి మాటలకి రాజుగారికి ఒక్కోసారి కోపం వచ్చేది, ఎక్కువసార్లు నవ్వొచ్చేది. అందుకే వాడి మెడ మీద తల ఇంకా ఉంది.

ఇట్టా ఉండగా ఒక వేసవిలో ఊళ్ళోకి దగ్గుజ్వరం వచ్చిపడింది.

ముందు దగ్గు, మూడో రోజు జ్వరం, గట్టివాళ్ళు లేచి తిరిగారు, ముసలివాళ్ళు లేవలేదు. రాజుగారు వెంటనే దండోరా వేయించాడు. సంత మూసేయండి, తిరనాళ్ళు ఆపేయండి, కల్లు దుకాణాలు కట్టేయండి, బడులు మూసేయండి. అప్పట్లో సుంకన్న కూడా రాజు మంచి పనే చేశాడనుకున్నాడు. ఎందుకంటే వాళ్ళమ్మ ఆ జ్వరంలోనే తొమ్మిదో రోజు పోయింది. మోయడానికి నలుగురు దొరకడమే కష్టమైంది.

కానీ రోజులు గడిచాయి, నెలలు గడిచాయి. జ్వరం ఒకసారి తగ్గేది, ఒకసారి పెరిగేది. ఈలోపు ఒక్కోటీ తెరుచుకున్నాయి. ముందు దర్బారు తెరిచారు. తర్వాత కల్లు దుకాణాలు. తర్వాత కోడిపందాలు. రాజుగారి పుట్టినరోజుకి వెయ్యిమందికి ఒకే పందిట్లో భోజనాలు. అన్నీ తెరిచారు.

బడులు మాత్రం తెరవలేదు. పద్నాలుగు నెలలు.

కల్లు తాగేవాళ్ళు కోట గుమ్మం దగ్గరకొచ్చి అరిచారు. పందెంరాయుళ్ళు మంత్రిగారి ఇంటి చుట్టూ తిరిగారు. పిల్లలు ఎక్కడికని వస్తారు? బడి మూస్తే సగంమంది ఎగిరి గంతులేశారు కూడా.

ఒకరోజు కత్తి తిప్పుతూ సుంకన్న అడిగేశాడు.

"ప్రభూ, కోడికి కత్తి కట్టడానికి రెండొందల మంది చేరితే రాని రోగం, పిల్లాడు పలక పట్టుకుంటే వస్తదా?"

రాజుగారు మీసం దువ్వాడు. "ఒరే సుంకన్నా, పిల్లలంటే మురికి. ముక్కు చీదుతారు, ఆ చెయ్యి పక్కవాడికి పూస్తారు. రోగం పుట్టేదే అక్కడ. అదే మా కొలువు చూడు. మా దర్బారులోకి రోగం రాదు. మా బిరుదులు వింటేనే పారిపోతుంది."

కొలువంతా భళీ అంది.

"అదీ నిజమే ప్రభూ," అన్నాడు సుంకన్న. "పద్దెనిమిదీ అయ్యేదాకా నిలబడే ఓపిక రోగానికి మాత్రం ఎక్కడిది?"

రాజుగారు పకపకా నవ్వాడు. నవ్వాడే గానీ బడి తెరవలేదు. పక్కనే మహామంత్రి బుక్కనామాత్యుడు ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకుని ఖళ్ళు ఖళ్ళుమని దగ్గాడు. "పొలమారింది ప్రభూ, వక్కపలుకు," అన్నాడు. ఆయనకి అప్పటికి ఎనిమిది రోజుల నుంచి అదే వక్కపలుకు పొలమారుతోంది.

సుంకన్నకి ఒక్కతే కూతురు. పేరు గౌరమ్మ, అందరూ గవ్వ అంటారు. ఎనిమిదేళ్ళు. బడి మూసే నాటికి గుణింతాలు అయిపోయి చిన్నచిన్న మాటలు చదువుతుండేది. అంగడి గోడ మీద ఏం రాసున్నా వదిలేది కాదు, నడిచేవాళ్ళని ఆపి మరీ చదివి వినిపించేది.

ఆ రోజు సుంకన్న ఇంటికొచ్చేసరికి వీధిలో పిల్లలు ఆడుకుంటున్నారు. ఒకడు డబ్బా వాయిస్తున్నాడు. నలుగురు తడిక మోస్తున్నారు. వెనక ఇద్దరు ఏడుస్తున్నట్టు నటిస్తూ మధ్యలో నవ్వుతున్నారు. తడిక మీద కళ్ళు మూసుకుని, చేతులు కట్టుకుని పడుకున్నది గవ్వ.

సుంకన్న తడిక దగ్గరికి నడిచాడు.

గవ్వ ఒక కన్ను తెరిచి చూసింది. "నాన్నా! ఇవ్వాళ శవం నా వంతు. నిన్న చెన్నిది. నేనే బాగా కదలకుండా ఉన్నానంట!"

"రోజూ ఇదే ఆటా?"

"మరి ఇంకేం ఆట వచ్చు మాకు? రోజూ చూసేది ఇదేగా."

నాయనమ్మని మోసుకెళ్తుంటే గవ్వ గుమ్మంలో నిలబడి చూసింది. అదే తిరిగి ఆడుతోంది. తెల్లారగానే సుంకన్న పంతులుగారి ఇంటికి వెళ్ళాడు.

ఓబుళాచారి పంతులు ఆ పేటలో ముప్ఫై ఏళ్ళుగా బడి చెప్తున్నాడు. ఊళ్ళో సగంమంది చెవులు ఆయన చేతిలో మెలి తిరిగినవే, సుంకన్నవి కూడా. పద్నాలుగు నెలల నుంచి అరుగు మీద కూర్చుని వీధిలోకి చూడ్డం తప్ప పని లేదు.

"పంతులుగారూ, బడి పెట్టండి," అన్నాడు సుంకన్న.

"దండోరా విన్లేదా నాయనా?"

"విన్నా."

"అది వదిలెయ్. నాకూ భయమేరా. మా వదిన పోయింది ఈ జ్వరంలో. రేపు నా బడిలో ఒక పిల్లాడికి వచ్చి, వాడి నుంచి ఇంట్లో ముసలమ్మకి వస్తే, ఆ ఇంటి ముందు నుంచి నేను నడవగలనా?"

ఆ మాటలో ఉన్నది పిరికితనం కాదని సుంకన్నకి తెలుసు. వాళ్ళమ్మ కూడా ముసలమ్మే.

"బడి కొట్టంలో వద్దు," అన్నాడు. "యాభై మందిని చాప మీద ఇరికించే చోట వద్దే వద్దు. ఏట్లో నీళ్ళు లేవు. ఎంత ఇసకుంది! గాలి ఎంతుంది! పిల్లకీ పిల్లకీ మధ్య మీ బెత్తం రెండుసార్లు పట్టేంత దూరం కూర్చోబెడదాం. ఎవరి ఇసక వాళ్ళది, ఎవరి పుల్ల వాళ్ళది. పలకలు మార్చుకోవడాలు లేవు. సగంమంది ఇవ్వాళ, సగంమంది రేపు. ఎవరు దగ్గినా ఆ పూటే ఇంటికి."

పంతులు గడ్డం గీరుకున్నాడు.

"అంత దూరం నుంచి వినబడాలంటే గట్టిగా అరవాలిరా."

"మీరా పంతులుగారూ? చిన్నప్పుడు మీరు నన్ను తిడితే అవతలి ఒడ్డున గేదెలు తల తిప్పేవి."

పంతులు నవ్వాడు. పద్నాలుగు నెలల్లో అదే మొదటిసారి అనుకుంటా.

మర్నాడు ఇసకబడి మొదలైంది. ఒక పూట ఇరవైనలుగురు. పుల్లతో ఇసకలో రాయడం, పంతులు నడుచుకుంటూ వచ్చి చూడటం, కాలితో చెరిపేయడం, మళ్ళీ రాయడం. మొదటిరోజు గవ్వ తన పేరు రాయడానికి మూడుసార్లు ఆగింది. ఏడో రోజుకి ఆగలేదు. పదోరోజు ఒకడికి దగ్గొచ్చింది, ఇంటికి పంపేశారు. పదమూడోరోజు ఇంకొకత్తెకి, దాన్నీ పంపేశారు. మూడోవాళ్ళకి అంటలేదు.

ఇరవయ్యో రోజు కొత్వాలు పట్టుకున్నాడు.

పంతుల్ని కొలువులో నిలబెట్టారు. రాజుగారి కోపం చూడాలి! చెవులు కూడా ఎర్రబడ్డాయి.

"మా ఆజ్ఞ మీరి బడి చెప్తావా! రేపు రెండో ఝాముకి తీర్పు అమలు. ఈ పంతులు పొలిమేర దాటిపోవాలి, మళ్ళీ మా రాజ్యంలో అడుగు పెట్టకూడదు. ఆ బడి కొట్టం ఎటూ ఖాళీయే. పొరుగు రాజు మాకు నెమళ్ళు పంపాడు కదా, వాటికి ఇచ్చేయండి."

పంతులు పోతే ఇంకెవరు చెప్తారు? కొట్టంలో నెమళ్ళు చేరితే వాటిని ఇంకెవరు లేపుతారు? రాజుగారి నెమలిని కదిలించే ధైర్యం రాజ్యంలో ఎవడికీ లేదు. రేపు ఇద్దరూ పోతే, గవ్వ మళ్ళీ తడిక ఎక్కుతుంది.

సుంకన్న ముందుకొచ్చి వంగి దణ్ణం పెట్టాడు. "ప్రభూ, నేరం కళ్ళారా చూడకుండా ఏలినవారు తీర్పిస్తే బిరుదులకే మచ్చ. రేపు పొద్దున కూడా ఆ ఇసకబడి మామూలుగా జరగనివ్వండి. కొత్వాలు మనుషులు చుట్టూ కాపలా ఉంటారు. అవగానే పంతులుగారినీ పిల్లల్నీ ఉన్నవాళ్ళని ఉన్నట్టు తీసుకొచ్చి కోట ముంగిట్లో నిలబెడతారు. రోగం బడిలో పాకుతోందో, ఇంకెక్కడ పాకుతోందో నేను కళ్ళకి కట్టేట్టు చూపిస్తా."

"చూపించలేకపోతే?"

"పంతులుగారి మూట నేనే మోసుకుంటూ పొలిమేర దాటతా."

"నువ్వు పోతే మమ్మల్ని నవ్వించేదెవడ్రా?"

"నెమళ్ళున్నాయిగా ప్రభూ. వాటికీ వెనక చాలా పొడుగు, ఏలినవారి బిరుదులకి మల్లే."

ఇది పొగడ్తో తిట్టో తేలక రాజుగారు రెండు క్షణాలు ఆలోచించాడు. పొగడ్తే అనుకుని, "సరే," అన్నాడు.

సుంకన్న నేరుగా ఇంటికొచ్చి పెళ్ళాన్ని పిలిచాడు. "లచ్చిమీ, కాటుక కావాలి."

"భరిణెలో ఉంది, తీసుకో."

"భరిణెడు చాలదే, గిన్నెడు కావాలి."

"ఊరందరికీ పెడతావా ఏంటి?"

"ఊరందరికీ కాదు, ఊరిని ఏలేవాళ్ళకి."

లచ్చిమి ఆముదం దీపాలు ఐదు వెలిగించి, వాటి మీద ఇత్తడి గిన్నెలు బోర్లించింది. సాయంత్రానికి గిన్నెల నిండా మసి పట్టింది. అది గీకి, ఆముదం వేసి రంగరించింది. నల్లగా, జిగురుగా, ముట్టుకుంటే వదలని కాటుక.

పొద్దున్నే సుంకన్న గవ్వని కూర్చోబెట్టి, దాని కుడి అరచేతికి ఆ కాటుక దట్టంగా రాశాడు.

"ఇదేంటి నాన్నా?"

"ఇది జ్వరం అనుకో. కావాలని ఎవరికీ పూయకు. అట్టాగని చెయ్యి దాచుకోకు కూడా. రోజూ ఎట్టా కూర్చుంటావో, ఎట్టా రాస్తావో అట్టాగే ఉండు."

"ఎవరన్నా అడిగితే?"

"ఉన్నదున్నట్టు చెప్పు. ముట్టుకోవద్దని చెప్పు."

గవ్వ పరమానందంగా ఎగురుకుంటూ ఏటికి పోయింది. సుంకన్న మాత్రం గుమ్మంలో నిలబడిపోయాడు. అది అసలే ఒక్కచోట కూర్చునే పిల్ల కాదు. ఇరవైనలుగురికీ పూసేస్తే? అప్పుడు ఓడిపోయినట్టే, అందులో మోసం ఏమీ లేదు. అప్పుడు రాజు చెప్పిందే నిజం, మూట కట్టుకోవాల్సిందే.

తర్వాత కోటకెళ్ళి, కత్తి తీసి, రోజూ నూనె రాసే చోట అదే గిన్నెలో మిగిలిన కాటుక రాశాడు. నల్ల పిడి మీద నల్ల కాటుక. దేవుడికి కూడా కనబడదు. తను మాత్రం రోజూలాగే దిండు కింద నుంచి పట్టుకున్నాడు.

భట్టు బిరుదులు అందుకున్నాడు. రాజుగారు పిడి ముట్టుకుని, రెండు కళ్ళకీ గట్టిగా అద్దుకున్నాడు. ఆ చేత్తోనే మీసం మెలేశాడు. ఆ చేత్తోనే తాంబూలం పళ్ళెంలోంచి ఆకు తీసుకున్నాడు. మహామంత్రి అద్దుకుని, పొలమారితే ముక్కూ మూతీ తుడుచుకున్నాడు. సేనాపతి అద్దుకుని మెడ గోక్కున్నాడు. కోశాధికారి కళ్ళకద్దుకుని, పక్కనున్న బావమరిది భుజం మీద చెయ్యేసి, చెవిలో ఏదో చెప్పాడు. తాంబూలం పళ్ళెం చేతులు మారింది. వింజామర చేతులు మారింది.

ఒక్క గడియ గడిచిందో లేదో, దర్బారంతా ఎట్టా తయారైందంటే, బొగ్గులబట్టీలోంచి లేచొచ్చినట్టు ఉన్నారు ఒక్కొక్కరూ. మహామంత్రికి ముక్కు కింద కొత్త మీసం వచ్చింది. సేనాపతికి మెడకి నల్లతాడు కట్టినట్టుంది.

ఇంతకీ చిత్రం ఏంటంటే, ఎవరూ నోరు విప్పలేదు. అరచేతి నలుపు కత్తి నూనె జిడ్డే అనుకుని పంచెకి తుడుచుకున్నారు. మంత్రిని చూసి సేనాపతి పెదవి కొరుక్కున్నాడు. సేనాపతిని చూసి కోశాధికారి మొహం తిప్పుకున్నాడు. పక్కవాడి మొహం నల్లగా ఉందని ప్రతివాడికీ తెలుసు, తన మొహం మాత్రం తెల్లగా ఉందని ప్రతివాడికీ నమ్మకం. ఇక రాజుగారి మొహం గురించి చెప్పేదెవరు? ఆ కొలువులో అంతకు ముందు రాజుగారికి జలుబు చేసిందని చెప్పినవాడే ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

రెండో ఝాము గంట మోగింది. కొత్వాలు పంతుల్నీ పిల్లల్నీ తీసుకొచ్చి దర్బారు ఎదురుగా, ఎండ పడే ముంగిట్లో, ఎడంఎడంగా నిలబెట్టాడు.

సుంకన్న కత్తి దిండు పట్టుకునే పిల్లల వరస చూశాడు. మొదటి వరస శుభ్రంగా ఉంది. రెండో వరస. మూడో వరసలో గవ్వ, దాని చెయ్యీ నుదురూ నలుపే. ఎటూ దానికి రాసిందే. దాని వెనక చెన్ని ముక్కు మీద ఇంత మరక. తర్వాత... తర్వాత ఇంకెవరికీ లేదు. చివరి వరసలో ఒకడికి మాత్రం నోటి చుట్టూ నేరేడుపండు రసం. అంతే.

సుంకన్న కొలువు వైపు తిరిగాడు.

"ప్రభూ," అన్నాడు, "ఇవ్వాళ పొద్దున ఒకే గిన్నెలో కాటుకని రెండు చోట్ల పెట్టా. బడిలో ఒక పిల్ల చేతికి, ఈ దర్బారులో మీ ముత్తాతగారి కత్తి పిడికి. దాన్ని జ్వరం అనుకోండి. బడిలో ఇరవైనలుగురు ఉన్నారు, నేను రాసిన పిల్లతో కలిపి ఇద్దరికి అంటింది. కొత్వాలు మనుషులు కాపలా ఉండి చూశారు. ఇక ఏలినవారు కొలువు వైపు ఒకసారి చూడండి."

రాజుగారు అప్పటిదాకా బిగబట్టుకున్న నవ్వు ఒక్కసారి బయటపడింది. పొట్ట పట్టుకుని నవ్వాడు.

"చూస్తూనే ఉన్నాంరా పొద్దున్నుంచీ! మంత్రికి మీసం మొలిచింది, సేనాపతి బొగ్గుమూటలా ఉన్నాడు! చూశావా మరి? కొలువంతా నల్లబడింది, మేము తప్ప. రోగమైనా మసైనా మమ్మల్ని ముట్టుకోవాలంటే భయపడాలి!"

"ఆహా," అన్నాడు సుంకన్న. తాంబూలం పళ్ళెం అందుకుని, ఆకులు పక్కకి తీసి, పైపంచెతో తళతళలాడేట్టు తుడిచి, రాజుగారి ముందు పట్టుకున్నాడు. "ఆ భయం ఎంతుందో ఒకసారి చూసుకోండి ప్రభూ."

రాజుగారు చూసుకున్నాడు.

రెండు కళ్ళ చుట్టూ రెండు నల్లటి గుండ్రాలు. మీసం బుగ్గ మధ్యదాకా పెరిగిపోయింది. పెదవుల మీద నలుపు, చెవి మీద నలుపు. అందరికన్నా ముందు పిడి ముట్టుకున్నది ఆయనేగా, అందరికన్నా ఎక్కువ అంటింది కూడా ఆయనకే.

"రాజద్రోహం!" అని గంతేశాడు మహామంత్రి. "ప్రభువుల మొహానికి మసి పూశాడు! వీడి తల తీయించాలి!" అని గట్టిగా అరవబోయి దగ్గాడు, దగ్గుతూనే ఉన్నాడు.

ముంగిట్లో గవ్వ గట్టిగా "నాన్నా!" అంది. సుంకన్న అటు తిరగలేదు. తిరిగితే మాట రాదని తెలుసు.

"మహామంత్రిగారూ, దర్బారులో నేను మసి పూసింది కత్తికి ఒక్కదానికే. మిగతాది మీకు మీరే పూసుకున్నారు, ఒకరికొకరు."

"మసి వేరు, రోగం వేరు!"

"నిజమే. మసి కనబడుద్ది. రోగం కనబడదు. అందుకే మసి తెచ్చా. మీ దగ్గు మొదలై నెల రోజులైంది. ఈ నెల రోజుల్లో ఈ కత్తిని మీ తర్వాత ముట్టుకున్నవాళ్ళలో తొమ్మిదిమంది ఇళ్ళల్లో జ్వరం పడింది. వాళ్ళని అడగండి. వక్కపలుకు వాళ్ళకీ పొలమారిందేమో."

వరసలో ఒక్కొక్క తల కిందికి దిగింది. సుంకన్న రాజుగారి వైపు తిరిగి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ప్రభూ, బడికి రోగం రాదని నేననడం లేదు. వచ్చుద్ది. ఇద్దరికి అంటిందిగా, మీరే చూశారు. గాలి ఆడేచోట, ఎడంగా కూర్చుంటే ఇద్దరితో ఆగుద్ది. మూసిన గదిలో, ఒకే పిడి అందరూ ముట్టుకుంటే అరవైనలుగురికీ అంటుద్ది. మా అమ్మ పోయింది ఈ జ్వరంతోనే. నాకు దాంతో వేళాకోళం లేదు. కానీ అన్నీ తెరిచి పిల్లల్ని మాత్రం మూసేశాం. వాళ్ళు ఇప్పుడు వీధిలో ఏం ఆడుతున్నారో తెలుసా ఏలినవారికి? శవయాత్ర ఆట. నా కూతురు తడిక మీద పడుకుని, కదలకుండా ఉండటం తనకే బాగా వచ్చని నాకు గొప్పగా చెప్పుకుంది. తల తీయిస్తే తీయించండి. కాటుక కడిగితే పోద్ది. ఇది మాత్రం అంత తేలిగ్గా పోదు."

రాజుగారు సింహాసనం దిగి గుమ్మం దాకా నడిచాడు.

"ఎవరమ్మా వీడి కూతురు?"

గవ్వ నల్లటి చెయ్యి పైకెత్తింది.

"నీ వెనక పిల్లకి మసెట్లా అంటింది?"

"అది చెన్ని. ముట్టుకోవద్దే, అంటుకుద్ది అని చెప్పా. పంతులుగారు కూడా చెప్పారు. అయినా ఒక్క వేలు పెట్టి చూసి, ముక్కు గోక్కుంది. అది అంతేనండి, చెప్తే వినదు."

"మొహం మీద మసుందని దానికి చెప్పావా?"

"అప్పుడే చెప్పా. ఇక అక్కణ్ణుంచి అది ఎవరి దగ్గరికీ పోలేదు."

రాజుగారు వెనక్కి తిరిగి తన కొలువు చూశాడు. పెద్దపెద్ద తలపాగాలు, నల్లటి మొహాలు.

"ఎనిమిదేళ్ళ పిల్ల పక్కపిల్లకి చెప్పింది. అరవైముగ్గురు పెద్దమనుషులు ఉండి మా మొహం మీద ఇంత మసుందని మాకు ఒక్కడు చెప్పలేదు!"

మొదట మీసం కదిలింది. తర్వాత పొట్ట కదిలింది. తర్వాత రాజుగారు నవ్వడం మొదలుపెడితే, కళ్ళవెంట నీళ్ళు కారి, కాటుకతో కలిసి బుగ్గల మీద రెండు నల్లటి వాగులు పారాయి. ఆ మొహం చూసి ముంగిట్లో పిల్లలు విరగబడి నవ్వారు. వాళ్ళని చూసి కొలువు కూడా భయంభయంగా నవ్వింది. పంతులు మాత్రం నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

అక్కడికక్కడే ఆజ్ఞ వెలువడింది. రాజ్యంలో బడులన్నీ రేపే తెరవాలి, ఏటి ఇసకలోనో, తోపులోనో, గాలి ఆడేచోట, ఓబుళాచారి పంతులు బడి నడిపిన పద్ధతిలో. ఇక మీదట ఎంత జ్వరం వచ్చినా అన్నిటికన్నా చివర మూయాల్సింది బడి, అన్నిటికన్నా ముందు తెరవాల్సింది బడి. కత్తిని కళ్ళకద్దుకోవడం బంద్, దూరం నుంచి దణ్ణం చాలు. మహామంత్రిగారు ఇంటికెళ్ళి వక్కపలుకు తగ్గేదాకా మంచం దిగకూడదు.

"మరి నెమళ్ళు ప్రభూ?" అన్నాడు కొత్వాలు. "కొట్టం వాటికి ఇవ్వమన్నారు కదా."

రాజుగారు దర్బారు కిటికీలు చూశాడు. పట్టు తెరలు దించి, గాలి చొరకుండా బిగించున్నాయి.

"జ్వరం పోయేదాకా మేము కూడా చెట్టు కిందే కొలువు తీరుస్తాం. నెమళ్ళని ఈ దర్బారులో పెట్టండి. అవి కత్తి ముట్టుకోవు."

తర్వాత మెళ్ళో ముత్యాలహారం తీసి సుంకన్న మెడలో వేశాడు. "ఇంకేం కావాలో కోరుకోరా."

"ఏలినవారి బిరుదులు పద్దెనిమిదిలో పదిహేడు తీసేసి ఒకటి కొత్తది పెట్టుకోండి. చెట్టు కింద కొలువంటే, ఆ చదువు అయ్యేలోపు అందరికీ వడదెబ్బ తగులుద్ది."

"ఏం బిరుదు?"

"బడి తెరిచిన రాజు."

"అంతేనా? మరీ పొట్టిగా లేదూ?"

"పొట్టిదే ప్రభూ. కానీ భట్టు చదువుతుంటే ఎవరికీ నవ్వు రాదు."

రాజుగారు మళ్ళీ నవ్వాడు. మర్నాటి నుంచి ఆ చిన్న బిరుదు కూడా చదివారు. మిగతావి పదిహేడూ తీసేశాడా అంటే, అబ్బే, ఒక ఆరు అట్టిపెట్టుకున్నాడు. రాజులు మరి.

నాలుగు రోజుల తర్వాత సుంకన్న ఇంటికొస్తుంటే వీధిలో పిల్లలు మళ్ళీ ఆట కట్టారు. తడిక నేల మీద నిలబెట్టి, దాని మీద బొగ్గుతో అక్షరాలు రాశారు. ఎదురుగా చిన్నపిల్లలు ఎడంఎడంగా కూర్చున్నారు. నడుం మీద చెయ్యి, చేతిలో పుల్ల, కళ్ళల్లో కోపం, మధ్యలో గవ్వ.

"నాన్నా, ఇవ్వాళ నేను పంతుల్ని!" అని అరిచింది. "నువ్వు ఆలస్యంగా వచ్చావు. అక్కడే దూరంగా కూర్చో!"

సుంకన్న ముత్యాలహారంతో సహా మట్టిలో కూర్చున్నాడు.